అబ్రుజ్జో కొండలకు రెండవ ప్రయాణము

ఒక దేశమునకు మొదటిసారి పోవువాడు పటము చూచుకొని పోవును. అచ్చటికే రెండవసారి, అందును భోజనముకొఱకు, పోదలచినవాడు పటముకంటె ముందు పంచాంగము చూచుకొనవలెను. ఇటలీదేశపు కొండపల్లెల విషయమున ఈ మాట ఎంత నిజమో మేము కొంత నష్టపడిన పిమ్మటగాని తెలిసికొనలేదు.

ఇటలీ యనగానే మనవారికి రోము, వెనీసు నగరములు తలపునకు వచ్చును. అక్కడి భోజన మనగానే పీజా తలపునకు వచ్చును. దేశమునకు వెన్నెముకవలె ఉత్తరమునుండి దక్షిణమునకు సాగిన అపెనైను పర్వతముల మాట మనకు అంతగా వినబడదు. ఆ పర్వతములలోకెల్ల ఎత్తైన శిఖరము కోర్నో గ్రాందె, 2,912 మీటర్లది, గ్రాన్ సాస్సో అను శ్రేణిలో నున్నది. ఈ శ్రేణి అబ్రుజ్జో మండలములోనిది. రోమునుండి తూర్పుగా బస్సులో రెండు గంటలలోపున ఆ మండలమునకు ముఖ్యపట్టణమైన లాక్విలా చేరవచ్చును. అటుపైన రోడ్డు సన్నగిల్లును, ఊళ్లు చిన్నవగును, హోటలు పలకలు కనుమఱుగగును. వంట మాత్రము అక్కడనే మొదలగును.

2018 ఆగస్టు నెలలో మేము ఆ ఊళ్లలో పదిదినములు తిరిగితిమి. ఆగస్టులో నేల వెళ్ళితిరని ఎవరైన అడిగినచో, సెలవు అప్పుడు దొరకినది గనుక అని చెప్పుట తప్ప వేఱు సమాధానము మాయొద్ద లేదు. అది మొదటి పొరపాటు. దాని ఫలితము నవెల్లి అను ఊరిలో మాకు తెలియవచ్చినది.

నవెల్లి కుంకుమపువ్వునకు పేరుపొందిన ఊరు. కాశ్మీరమున పాంపూరు ఎట్లో ఇటలీకి నవెల్లి చుట్టుపట్ల నున్న పీఠభూమి అట్లు. ఊదారంగు పూలు తివాచీవలె పఱచుకొని యుండునని తలచి మధ్యాహ్నపు టెండలో ఊరిచుట్టు తిరిగితిమి. ఎక్కడ చూచినను దుక్కి దున్నిన బోడినేల. చివరకు ఒక వృద్ధుడైన రైతు మమ్ము చూచి జాలిపడి, తన కొట్టములోనికి పిలిచికొనిపోయి, నేలపై పోసిన ఉల్లిగడ్డలవంటి దుంపల గుట్టను చూపినాడు. అదియే కుంకుమపువ్వు తోట! అతని భార్య ముక్కాలిపీటపై కూర్చుండి కుళ్ళినవానిని, చిన్నవానిని ఏఱి వేఱుచేయుచుండెను.

కాశ్మీరమున ఒకసారి నాటిన దుంపలు కొన్ని సంవత్సరములు నేలలోనే యుండును. ఇక్కడివారి పద్ధతి వేఱు. ప్రతి సంవత్సరమును వేసవిలో దుంపలను త్రవ్వితీసి, మంచివానిని ఏఱి, ఆగస్టు నెలలో మఱల మఱియొక మడిలో నాటుదురు. పూలు అక్టోబరు నడిమినుండి నవంబరు మొదటివఱకు పూయును. తెల్లవాఱకముందే, పువ్వు విడకముందే, వంగి ఒక్కొక్కటిగ కోయవలెను. ఎండ తగిలి పువ్వు విప్పారినచో పని కష్టమగును, సరకు చెడును. కోసిన పూలను ఆ దినమే బల్లపై కుప్పపోసి ఇంటిల్లిపాదియు చుట్టు కూర్చుండి, ప్రతి పువ్వునుండియు మూడేసి ఎఱ్ఱని పోగులను వేఱుచేయుదురు. వానిని జల్లెడలో పఱచి నిప్పులసెగకు ఆఱబెట్టుదురు. ఎండునప్పటికి తూకము ఐదాఱింట ఒక వంతునకు దిగును. ఒక గ్రాము కుంకుమపువ్వునకు నూటయేబదినుండి రెండువందల పూలు. కిలోకు సుమారు రెండు లక్షలు. ఈ లెక్క చెప్పుచు ఆ రైతు తన నడుము పట్టుకొని చూపినాడు. వేఱు వ్యాఖ్యానము అవసరము లేకపోయెను.

లాక్విలా కుంకుమపువ్వునకు 2005లో ఐరోపా సమాజమువారి రక్షితనామము లభించినది. మన తిరుపతి లడ్డుకున్న భౌగోళిక గుర్తింపువంటిది. పదుమూడవ శతాబ్దిలో ఒక సన్న్యాసి స్పెయినునుండి ఈ దుంపలను తెచ్చినాడని ఊరివారి కథ. వింతయేమనగా, ఎన్నియో తరములు దీనిని పండించిన యీ పల్లెల వంటలలో చిరకాలము కుంకుమపువ్వు కానరాదు. అది అమ్మకపు సరకు. మిలాను, వెనీసు, జర్మనీ నగరముల వర్తకులు కొనిపోవుచుండిరి. పండించినవారు పప్పును రొట్టెయు తినిరి. ఇప్పుడు భోజనశాలలలో వడ్డించు కుంకుమపువ్వు వంటలలో పెక్కు ఈ కాలపు కల్పనలు. రుచి బాగున్నది గనుక మాకు ఆక్షేపణ లేదు. పురాతన సంప్రదాయమని చెప్పి వడ్డించినపుడు మాత్రము కొంచెము నవ్వుకొనవచ్చును.

ఆ దంపతులలో ఆయనకు అప్పటికి డెబ్బదియైదు దాటినవి. కొడుకు రోములో ఉద్యోగము, కుమార్తె కెనడాలో కాపురము. బల్లచుట్టు పూర్వము పదిమంది కూర్చుండు చోట ఇప్పుడు ఇరువురు, పూల దినములలో ఇరుగుపొరుగు మఱి ఇరువురు. మఱుసటి సంవత్సరము ఒక మడి తగ్గింతుమేమోనని ఆమె అన్నది. అక్టోబరులో వచ్చినచో మీకును పని యిత్తుమని ఆయన నవ్వినాడు. మేము మఱల పోవలెనని నిశ్చయించుకొన్నది అప్పుడే.

రెండవ ప్రయాణమునకు ఏ నెల? ఇది మేము తలచినంత సులభముగ తేలలేదు. ఆ కొండలలో ఒక్కొక్క వంటకు ఒక్కొక్క నాడున్నది. ఆ నాడు తప్పినచో సంవత్సరము ఆగవలెను.

జనవరి 17 అంతోని మునీశ్వరుని పండుగ. ఆ ముందటి రాత్రి విల్లవల్లెలోంగ అను ఊరిలో పనార్ద అను మహాభోజనము జరుగును. ముప్పదికి మించిన వంటకములు ఒకదానివెంట నొకటి వచ్చుచుండ తెల్లవాఱును. లేచిపోవుట మర్యాద కాదు. మా జీర్ణశక్తిని మేమెఱుగుదుము గనుక దానిని వెంటనే కొట్టివేసితిమి. పైగా చలికాలమున ఆ మార్గములు ప్రమాదకరములు. 2017 జనవరి 18న గ్రాన్ సాస్సో తూర్పువాలున రిగోపియానో అనుచోట మంచుచరియ విఱిగిపడి ఒక హోటలును కప్పివేయగా 29 మంది మరణించిరి.

మే 1వ తేదీ మాత్రము మమ్ము చాల ఊరించినది. ఆనాడు తెరామో పట్టణమున, దాని చుట్టుపట్ల పల్లెలలోను, ‘విర్తూ’ అను వంటకము చేయుదురు. ఆ మాటకు సుగుణములని యర్థము. చలికాలమంతయు గడచిన పిమ్మట కొట్టుగదిలో మిగిలిన పిడికెడు చిక్కుడుగింజలు, పిడికెడు శనగలు, మసూరలు, బటానీలు, ఎండిన పందిమాంసపు ముక్కలు, పాత్రల అడుగున మిగిలిన రకరకముల పాస్తా, వీని కన్నిటికి అప్పుడే మొలచిన లేత ఆకుకూరలను చేర్చి ఒకే కుండలో వండుదురు. కలగూరగంప అని తీసివేయరాదు. ఒక్కొక్క పప్పును వేఱువేఱుగ నానబెట్టి, వేఱువేఱుగ ఉడికించి, చివరగాని కలుపరు. అందుచేత పని రెండు మూడు దినములు పట్టును. కొత్తపంట రాకముందు గాదె ఊడ్చుట, ఊడ్చినదానిని ఇరుగుపొరుగులకు పంచుట, ఇదియే దాని పరమార్థము. వండిన ఇల్లాలు వాకిట కుండ పెట్టి వచ్చినవారికి గిన్నెలతో పోయుట నేటికిని కలదు.

ఆ మే 1నే కొకుల్లో అను కొండయూరిలో డొమినిక్కు మునీశ్వరుని విగ్రహమునకు బ్రదికియున్న పాములను చుట్టి ఊరేగింతురు. అవి విషము లేనివి. మంచు కరగినప్పటినుండి ఊరివారు వానిని పట్టి సాకి, ఉత్సవము ముగియగానే పట్టినచోటనే విడిచిపెట్టుదురు. వలయాకారపు తీపిరొట్టెల బుట్టలను ఇరువురు కన్యలు తలపై మోసికొని వెంట నడతురు. నాగులచవితికి పుట్టలో పాలుపోయు మనకు ఇది చూడదగినదే. కాని ఒకేనాడు రెండుచోట్ల నుండుట ఎట్లు? వసంతకాలమును మూడవ ప్రయాణమునకు అట్టిపెట్టితిమి; ఆ ప్రయాణము జరుగునో లేదో వేఱుమాట.

ఇక ఆకురాలుకాలము. దానివైపు త్రాసు మొగ్గుటకు కుంకుమపువ్వొక్కటియే కారణము కాదు. గొఱ్ఱెలు అసలు కారణము.

ఈ కొండలలో ఏది తిన్నను వెనుకకు పోయి చూచినచో గొఱ్ఱె కనబడును. కాంపో ఇంపెరాతోరె అను ఎత్తైన పచ్చికమైదానమున వేసవియంతయు మేసిన మందలు, పూర్వము మంచు పడకముందే దక్షిణమున పూలియా మైదానములకు నడచి పోవుచుండెడివి. లాక్విలానుండి ఫోజ్జావఱకు 244 కిలోమీటర్ల పచ్చికబాట. దాని వెడల్పు 111 మీటర్లు. అంత వెడల్పు బాట మనుష్యులకు ఎన్నడును వేయలేదు. 1447లో అరగాన్ వంశీయుడైన అల్ఫోన్సో రాజు ఈ మందల రాకపోకలపై పన్ను వసూలుచేయుటకు ఒక కచ్చేరి నెలకొల్పగా, అది 1806వఱకు నడచినది. పాలమూరు గొల్ల, కురుమలు ఎండలు ముదరగానే మందలతో నీరు, మేత యున్న తావులకు తరలుట ఎఱిగిన మనకు ఈ జీవితము క్రొత్త కాదు. మంద వలసను యునెస్కోవారు 2019లో మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చిరి. అయితే నేడు మిగిలిన మందలలో పెక్కు లారీలమీద దిగుచున్నవి.

కాస్తెల్ దెల్ మోంతె అను ఊరు ఈ కాపరుల ఊరు. సముద్రమట్టమునకు 1,300 మీటర్లకు పైన, రాతియిండ్లు ఒకదాని భుజముపై నొకటి ఎక్కినట్లుండును. అక్కడి గొఱ్ఱెపాల చీజునకు ‘కనెస్త్రాతో’ అని పేరు, బుట్టలో పోసినది అని భావము. నిఘంటువులలో చీజునకు జున్ను అని వ్రాయుదురు గాని, ముఱ్ఱుపాలతో చేయు మన జున్నునకును దీనికిని పోలిక లేదు. పాలు విఱిచి, నీరు పిండి, బుట్టలోనికెత్తి ఉప్పు పట్టించి నెలలతరబడి మాగబెట్టినది యిది. బుట్ట అల్లిక గుర్తులు పైచర్మముపై ముద్రపడును. వేసవిపచ్చిక మేసిన పాలతో చేసినది అక్టోబరునాటికి నాలుకకు కొంచెము ఘాటుగ తగులునట్లు మాగును. ఆగస్టులో మేము తిన్నది ఇంకను పసిది.

శిఖరమునకు తూర్పుగా ఫరిందోలా అను ఊరిలో మఱియొక విధమగు చీజు కలదు. తక్కినచోట్ల పాలు విఱుచుటకు దూడ లేక గొఱ్ఱెపిల్ల కడుపునుండి తీసిన రెన్నెట్ అను పదార్థమును వేయుదురు. ఇక్కడ మాత్రము పందినుండి తీసిన దానిని వేయుదురు. ఈ పని తరతరములుగా స్త్రీలది. శాకాహారులైన శ్రోతలు ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. చీజు మాంసము కాదుగదా యని తినువారు, అది ఎట్లు విఱిచినదో అడిగి తెలిసికొనుట మంచిది. రొట్టెలో, పిండివంటలలో పందికొవ్వు పడవచ్చును. పప్పుపులుసులో సాసేజి ముక్క తేలవచ్చును. అడిగినచో వారు నొచ్చుకొనరు. నోరు విప్పక ఒడ్డించినదానిని త్రోసివేసినచో నొచ్చుకొందురు.

మాంసాహారులకు అరోస్తిచీని ఉన్నది. గొఱ్ఱెమాంసమును అంగుళములో సగము కూడ లేని ముక్కలుగ కోసి, సన్నని పుల్లలకు గ్రుచ్చి, పొడవైన ఇరుకు కుంపటిపై కాల్చి ఉప్పు చల్లుదురు. మసాలా లేదు. ఒక మనిషి పది పుల్లలు తినుట అల్పాహారముక్రింద లెక్క.

సాంతో స్తెఫానో ది సెస్సానియో అను ఊరిమాట చెప్పక ఈ ప్రసంగము ముందుకు సాగదు. 1,250 మీటర్ల ఎత్తున నున్న యీ ఊరు ఒకప్పుడు ఫ్లారెన్సు ప్రభువులైన మెదిచి వంశమువారి ఏలుబడిలో ఉన్ని వ్యాపారముచే వర్ధిల్లినది. నేడు అచ్చట కాపురమున్నవారు నూఱుమందికి కొంచెము ఇటునటు. అక్కడి మసూరగింజ, మనము మైసూరుపప్పు అని పిలుచుదానికి జ్ఞాతి, మిరియపుగింజకంటె చిన్నది, నల్లని గోధుమవన్నెది. నానబెట్ట నక్కఱలేదు. వెల్లుల్లి, బిరియానీ ఆకు, ఉప్పు వేసి ఉడికించి, ఆలివునూనె పోసి, వేచిన రొట్టెముక్కలతో వడ్డింతురు. పూటకూళ్ల అవ్వ మాకు మొదటిగిన్నె పెట్టినపుడు ఇందులో ఇంకేమి వేసితివని అడిగితిమి. ఇంకేమి వేయవలెను అని ఆమె మమ్ము తిరిగి అడిగినది. చింతపండు, పోపు లేని పప్పు మనకు చప్పనగును అనుకొని కూర్చున్న మేము రెండవగిన్నె అడిగి పుచ్చుకొంటిమి.

ఆ గింజ అంత అరుదగుటకు కారణమున్నది. పొలములు వేయి మీటర్లకు పైన, రాళ్లనడుమ చిన్నచిన్న తునకలు. మొక్క జానెడు ఎదుగును. కాయలన్నియు ఒకసారి పండవు. అందుచే యంత్రము సరిగా పనిచేయదు, చేతిపని పోదు. మంచు కరగినమీదట విత్తి, జూలై చివర, ఆగస్టులో కోసి నూర్చుదురు. సెప్టెంబరు మొదట ఊరిలో ఆ పప్పుపేరనే సంబరము చేయుదురు. అక్టోబరులో పోవువారికి క్రొత్త పప్పు సిద్ధము, సంబరపు తొక్కిడి లేదు.

2009 ఏప్రిల్ 6వ తేదీ తెల్లవాఱుజామున వచ్చిన భూకంపము లాక్విలా ప్రాంతమున 309 మందిని బలిగొన్నది. ఆనాడే సాంతో స్తెఫానో ఊరినడుమనున్న మధ్యయుగపు బురుజు కూలినది. మేము వెళ్ళినపుడు దాని స్థానమున ఇనుపకమ్మీల చట్రము నిలిచియుండెను. 2021లో దానిని రాతితో మఱల కట్టిరి. ఉత్తరమున అమాత్రిచె పట్టణము 2016 ఆగస్టు 24న నేలమట్టమైనది. పందిదవడకొవ్వు, గొఱ్ఱెచీజు, టమాటాలతో చేయు అమాత్రిచానా అను వంటకు పుట్టినిల్లది. 1927వఱకు అబ్రుజ్జోలో నుండి తరువాత లాత్సియో మండలమున చేరినది. ఆ వంట పేర జరుగు ఏటేటి సంబరము ఏబదియవసారి జరుగుటకు మూడు దినములే మిగిలియుండెను. ఊరి భోజనశాలలు 2017లో వేఱుచోట కట్టిన క్రొత్త కట్టడములలోనికి మాఱి పొయ్యి ముట్టించినవి. రెండవ ప్రయాణమున ఒక మధ్యాహ్నభోజనము అక్కడ చేయవలెనని వ్రాసికొంటిమి. భూకంపము ఇంటితోపాటు పాకను, చీజు మాగబెట్టు నేలమాళిగను, రొట్టె కాల్చు పొయ్యిని కూల్చును. వృద్ధులు వానిని తిరిగి కట్టుకొనువఱకు ఆగలేక పట్టణములలోని బిడ్డలయొద్దకు పోవుదురు. అప్పుడు వంట కూడ వారితో పోవును.

ప్రయాణక్రమమున మేము చేసిన మార్పు ఒక్కటియే ముఖ్యమైనది. మొదటిసారి క్రిందనుండి పైకి ఎక్కితిమి. ఈసారి మందలు దిగినట్లు పైనుండి క్రిందికి దిగుదుము. అక్టోబరు రెండవవారమున సాంతో స్తెఫానోలో దిగి నాలుగు రాత్రులు. అక్కడినుండి కాస్తెల్ దెల్ మోంతె, ఆకాశము తేటగా నున్నచో పచ్చికమైదానము దాటి ఫరిందోలా. మంచు ముందుగా పడినచో ఆ కనుమదారి మూసివేయుదురు గనుక దీనిని చివరకు ఉంచరాదు. పిమ్మట నవెల్లిలో ఐదు రాత్రులు. పూలు మనము వచ్చితిమని పూయవు గనుక అక్కడ తొందర పనికిరాదు. ఆపైన సుల్మోనా. రోమక కవి ఓవిడ్ పుట్టిన ఊరు. చక్కెరపూత పూసిన బాదములకు ప్రసిద్ధి. అక్కడినుండి బస్సులో ఒక దినము స్కాన్నో చూచి, సుల్మోనానుండి రైలులో రోమునకు.

చిన్న సంగతులు కొన్ని. ఆ ఊళ్లలో మధ్యాహ్నము రెండున్నర దాటినచో వంటింటి తలుపు మూయుదురు. రాత్రి ఏడున్నరకు ముందు తెఱవరు. ఆగస్టు గడచిన తర్వాత చాల భోజనశాలలు వారాంతములందే నడచును. ముందుగా టెలిఫోను చేయక పోరాదు. మొదటి ప్రయాణమున ఒక సోమవారము మేము పదునాఱు కిలోమీటర్లు పోయి, మూసిన తలుపుముందు బిస్కత్తులు తిని తిరిగివచ్చితిమి. ఆదివారములందు బస్సు లుండవు, లేదా ఒకటి యుండును. కారు అద్దెకు తీసికొనుట మేలు. రొక్కము దగ్గఱ నుంచుకొనవలెను.

ఇంతయు కాగితముపై వ్రాసికొని, మొన్న నవెల్లిలోని ఆ యింటికి టెలిఫోను చేసితిమి. మాకు వచ్చిన ఇటాలియను కొంచెమే, ఆమె మాటాడునది కొండభాష. ఆయనకు ఇప్పుడు వంగుట కష్టముగ నున్నదట. దుంపలు నాటినారట; మునుపటికి సగము. ఇరువదవ తేదీకి ముందు రావద్దు, అనవసరము, అన్నది. పూలు కోయునపుడు చేతులు గడ్డకట్టును గనుక ఉన్ని చేతితొడుగులు తెచ్చుకొనవలెనట. అయితే వ్రేళ్లు బయటకుండునట్లు కొనలు కత్తిరించినవి తెచ్చుకొనవలెనని రెండుసార్లు చెప్పినది.